ముఖం చాటేసిన రోజులు

వార్షిక సంచికకు వ్యాసమొకటి ఇవ్వవలసిందిగా సంపాదక వర్గం వారు కోరినప్పుడు మేము చాలాసేపు తర్జనభర్జన పడ్డాము. ఈ పుటలలో ఏటేటా చోటు చేసుకునే విషయాలు మాకు తెలియనివి కావు. స్త్రీ విద్య, నిరుద్యోగ సమస్య, జాతీయ సమైక్యత, ఉర్దూ తెలుగు భాషల నడుమ ఇచ్చిపుచ్చుకోలు, విజ్ఞానశాస్త్ర ప్రగతి: ఇవన్నీ పెద్ద విషయాలు. మేము రాయదలచుకున్నదో, ముఖం మీది మొటిమలను గురించి. ఆ మాట చదవగానే పాఠకుల పెదవులపై చిరునవ్వు మొలుస్తుందని ఎరుగుదుము. అసలు ఈ వ్యాసం ఆ చిరునవ్వును గురించే. జ్వరమంటే సెలవు మంజూరు చేసే లోకం, కడుపునొప్పి అంటే జాలిపడే లోకం, మొటిమలనేసరికి ఎందుకు నవ్వుతుందో, ఆ నవ్వుకు వెరచి ఎందరు యువతీయువకులు తలలు వంచుకొని తిరుగుతున్నారో ఎవరో ఒకరు చెప్పక తప్పదని మాకు తోచింది.

మేము అని రాసుకోవటం గౌరవార్థం కాదు. నిజంగానే మేము అయిదుగురం. ముగ్గురిది తెలుగు విభాగం, ఇద్దరిది ఉర్దూ విభాగం. ఒకరిది కర్నూలు పాతబస్తీ, ఒకరిది నంద్యాల, తక్కినవారివి చుట్టుపట్ల పల్లెలు. మా పరిచయం సాహిత్య సభలోనో ఆటస్థలంలోనో జరగలేదు. మా కళాశాలలో చేతులు కడుక్కోవటానికి రెండు చోట్ల కొళాయిలున్నాయి. విశ్రాంతి గదిలోని కొళాయిల ఎదుట పెద్ద అద్దమున్నది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ అక్కడే గుమిగూడి, జడలు సవరించుకుంటూ కబుర్లాడుకుంటారు. రెండవది గ్రంథాలయం వెనుక ఉన్నది. దానికి అద్దం లేదు. మొదటి సంవత్సరంలో కొన్ని వారాలు గడిచేసరికి, రోజూ అంత దూరం నడిచి ఆ అద్దం లేని కొళాయి దగ్గరకు వచ్చేవాళ్ళం మేము అయిదుగురమేనని గమనించుకున్నాము. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాక అడగవలసినదేమీ మిగలలేదు. ఉర్దూ విభాగపు సోదరి ఒకతె "ముహాసే" అన్నది; మేము "మొటిమలు" అన్నాము. మా స్నేహంలో మొట్టమొదటి అనువాదం అదే.

ఈ బాధ లేనివారికి దీని దినచర్య ఎట్లా ఉంటుందో తెలియదు. తెలియటం వారి ధర్మమూ కాదు. అయినా ఒకసారి చెబుతాము. నిద్ర లేవగానే మా చేయి ముందుగా వెళ్ళేది చెంప మీదికి. రాత్రి లేనిది తెల్లవారేసరికి ఎక్కడ మొలిచిందో వేళ్ళే ముందు చెబుతాయి. గడ్డం కింద ఒకటి, ముక్కు పక్కన ఒకటి, నొసట రెండు. ఆ లెక్క తేలాకనే ఆ రోజు ఎట్లా గడవబోతున్నదో తేలుతుంది. చీము పట్టినది ఉంటే నవ్వినా నొప్పే. అది పోయినా తానున్న చోటును అంత సులభంగా విడిచిపెట్టదు. మనవంటి చామనఛాయ చర్మంలో మొటిమ మానిన చోట నల్లని మచ్చ నెలల తరబడి నిలిచిపోతుంది. పాతది మాయకముందే కొత్తది దాని పక్కన కూర్చుంటుంది.

వెలుతురును గురించి భౌతికశాస్త్రంలో చదవని సంగతులు కొన్ని మాకు అనుభవం మీద తెలిసివచ్చాయి. కిటికీ నుంచి ఏటవాలుగా పడే ఎండలో ప్రతి మొటిమకూ ఒక నీడ ఉంటుంది. అందువల్ల తరగతిలో కిటికీ పక్క బెంచీ మేమెరుగము. కుడి చెంప బాగాలేని నాడు కుడివైపు గోడకు ఆనుకొని కూర్చుంటాము. బస్సులో ఎండకు కాగిపోయినా సరే, ముఖం బయటకు తిప్పుకునే వీలుందని ఆ ఒక్కచోట మాత్రం కిటికీ సీటు వెదుక్కుంటాము. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు అరచేయి దానంతటదే గడ్డం మీదికి వస్తుంది. అధ్యాపకురాలు ప్రశ్న అడిగితే జవాబు తెలిసి కూడా లేవము. లేచినవారి వైపు నలభై ముఖాలు తిరుగుతాయి గనుక. ఈ విధంగా పోగొట్టుకున్న జవాబులు ఏ మార్కుల పట్టికలోనూ కనిపించవు.

ఛాయాచిత్రాల సంగతి వేరే చెప్పాలి. ఇప్పుడు ప్రతి చేతిలోనూ కెమెరా ఉన్న ఫోను ఉన్నది. ప్రతి పుట్టినరోజుకూ, ప్రతి సెలవుకూ ఒక బొమ్మ. చర్మాన్ని క్షణంలో నున్నగా చేసిపెట్టే ఫిల్టర్లు కూడా ఆ ఫోనులోనే ఉన్నాయి. మాలో ఒకరి బొమ్మను అట్లా నున్నగా చేసి నలుగురికీ పంపినప్పుడు, "ఎంత బాగున్నావు!" అని అందరూ మెచ్చుకున్నారు. ఆమె ఆ రాత్రి అన్నం తినలేదు. వారు మెచ్చుకున్న ముఖం ఆమెది కాదు. ఆమెది అయిన ముఖాన్ని ఎవరూ ఏనాడూ అట్లా మెచ్చుకోలేదు.

ఇక మనుషుల మాటలు. వాటిలో చెడ్డ మాటలు తక్కువే. నిజానికి మమ్మల్ని ఎక్కువగా నొప్పించినవి ప్రేమతో అన్నవే. పెళ్ళికి వెళితే అక్షతలు వేయకముందే మేనత్త గడ్డం పట్టుకొని వెలుతురు వైపు తిప్పి, "ఏమ్మా, మొగమంతా ఇట్లయిందేమి?" అంటుంది. ఉర్దూ ఇళ్ళలో ఖాలాజాన్ అదే ప్రశ్నను, "మూఁ కో క్యా హువా బేటీ?" అంటుంది. రెండు భాషలలోనూ ఆ తరువాతి వాక్యం ఒకటే, సలహా. వేరుశనక్కాయలు తినకు. మామిడిపండు వేడి చేస్తుంది. నూనె మానెయ్యి. నీళ్ళు బాగా తాగు. రాత్రిళ్ళు మేలుకోకు. ముఖం శుభ్రంగా కడుక్కుంటున్నావా? ఈ చివరి ప్రశ్న సూదివలె గుచ్చుకుంటుంది. రోజుకు ఆరుసార్లు కడిగి కడిగి చర్మం మంటలెత్తుతున్న పిల్లను, శుభ్రంగా ఉంటున్నావా అని అడగటం అది. వయసు వేడి అనీ, ఎవరి మీదనో మనసు పడ్డావనీ వేళాకోళమాడే వదినెలు, భాభీలు మరొక వైపు. ప్రతి సలహాలోనూ ఒక నేరారోపణ దాగి ఉంటుంది. నీవేదో చేశావు, లేదా చేయవలసినదేదో చేయలేదు. అందుకే నీకిది వచ్చింది. పదేపదే విన్న మీదట మనసు దానిని నమ్ముతుంది. అద్దం ఎదుట నిలిచిన ప్రతిసారీ ఏదో తప్పు చేసినవారమై నిలుస్తాము. ఏ తప్పు అన్నది మాత్రం తెలియదు.

మాలో ఒకరికి సంబంధం వచ్చింది. ఆమెకు ఆ వయసులో పెళ్ళి చేసుకునే ఉద్దేశమే లేదు. చదువు ముగించాలన్నదే కోరిక. అయినా వచ్చినవారు ఫలహారాలు ముగించి, "మచ్చలు తగ్గాక మళ్ళీ మాట్లాడుకుందాము" అని లేచిపోయినప్పుడు ఆమెకు కలిగిన బాధ చిన్నది కాదు. అక్కర్లేని వస్తువును కూడా మనం వద్దనుకోవటం వేరు, నీవు దానికి తగవని ఎదుటివారు అనటం వేరు. ఆ సాయంత్రం ఆమె తండ్రి ఏమీ అనకుండా బజారుకు పోయి, ముఖానికి పూసే సబ్బు ఖరీదైనదొకటి తెచ్చి బల్ల మీద పెట్టారట. ఆయన మౌనాన్ని తలుచుకొని ఆమె ఇప్పటికీ కంటతడి పెడుతుంది.

ఇళ్ళలో జరిగిన చికిత్సలకు అంతులేదు. శనగపిండి, పసుపు, వేపాకు, ముల్తానీ మట్టి, కలబంద, నిమ్మరసం. ఒకరి అమ్మమ్మ తెల్లవారుజామున లేచి సానరాయి మీద గంధం అరగదీసేది. మరొకరి నానీమా జాజికాయను పాలలో అరగదీసి వేలితో ఒక్కొక్క మొటిమకూ అద్దేది. ఈ పూతలన్నిటిలో ఏది పనిచేసిందని అడిగితే మేము చెప్పలేము. కాని ఆ ముసలి వేళ్ళ చల్లదనం మాకు గుర్తున్నది. మా ముఖాన్ని జంకు లేకుండా తాకిన చేతులు అవే.

వేదనకు గురిచేసిన చికిత్స ఒకటి ఇంటి బయటి నుంచి వచ్చింది. ఒక మందుల దుకాణంలో, వైద్యుని చీటీ లేకుండానే, "ఇది రాయమ్మా, వారంలో తేట పడుతుంది" అని ఒక చిన్న గొట్టం చేతిలో పెట్టారు. వారంలో నిజంగానే తేటపడింది. మా స్నేహితురాలి ముఖం వెలిగిపోయింది. మూడు నెలల తరువాత చర్మం పలుచబడి, ఎండకు పోతే ఎర్రగా కందిపోవటం మొదలయింది. పూత ఆపితే మంట, మునుపటికన్నా దట్టంగా మొటిమలు. తిరిగి రాస్తే తాత్కాలిక శాంతి. ఆ పూతలో ఉన్నది స్టెరాయిడ్ అని తరువాత తెలిసింది. ఇటువంటి ముఖాలు ఎన్ని వస్తున్నాయంటే, స్టెరాయిడ్ పూత వల్ల దెబ్బతిన్న ముఖమని మన దేశపు చర్మవైద్యులు ఆ స్థితికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టవలసి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం పధ్నాలుగు స్టెరాయిడ్ పూతలను షెడ్యూలు హెచ్‌లో చేర్చి, వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిర్ణయించింది. చట్టం ఉన్నది. చీటీ అడగని దుకాణాలూ ఉన్నాయి. ఈ సంగతి ప్రతి విద్యార్థీ తెలుసుకొని ఉండటం అవసరం.

2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు మేము ఉన్నత పాఠశాలలో ఉన్నాము. లోకమంతా మాస్కు తగిలించుకొని ఊపిరాడటం లేదని విసుక్కున్నది. మాకు మాత్రం ఆ గుడ్డముక్క వెనుక ఊపిరి కుదుటపడింది. ముక్కు నుంచి గడ్డం దాకా ఎవరికీ కనబడదు. మాస్కు రాపిడికి, చెమటకు లోపల మొటిమలు మరింత పెచ్చుపెరిగినా లెక్కచేయలేదు. ఆ భయంకరమైన కాలంలో మా బంధువులను కూడా పోగొట్టుకున్నాము. అయినా మాస్కులు తీసేయవచ్చునని చెప్పిన నాడు అందరూ సంతోషిస్తుంటే మా గుండె దడదడలాడిందంటే, ఈ బాధ ఎంత లోతుకు దిగి ఉన్నదో పాఠకులే ఊహించవచ్చు.

మా అయిదుగురిలో ఒకతె నఖాబ్ ధరిస్తుంది. అది ఆమె ఇంటి ఆచారం, ఆమె మనస్ఫూర్తిగా పాటించే మర్యాద. మాది ఆడపిల్లల కళాశాల కనుక తరగతిలోకి రాగానే దానిని పైకెత్తి, అందరితోపాటు కూర్చునేది. ఉర్దూ షాయరీ చదివితే ఆమే చదవాలి. వక్తృత్వ పోటీలో మొదటి సంవత్సరంలోనే బహుమతి తెచ్చుకున్నది. రెండవ సంవత్సరంలో మొటిమలు ఆమె చెంపలు దాటి మెడ దాకా దిగాయి. గట్టిగా, లోతుగా, ముట్టుకుంటే ప్రాణం పోయేటంత నొప్పితో ఉండేవి. అప్పటినుంచి ఆమె తరగతిలో నఖాబ్ ఎత్తటం మానేసింది. అధ్యాపకురాళ్ళు భక్తి పెరిగిందనుకున్నారు. మేము మాత్రం ఎరుగుదుము. అంతవరకూ గౌరవంగా ధరించినది ఆ ఏడు దాపరికమయింది. ఆ తేడా ఆమెను లోలోపల మరింత కలచివేసింది. "దీనిని దేనికోసం వేసుకుంటున్నానో నాకే తెలియకుండా పోయింది" అని ఒకనాడు అన్నది. తరువాత వక్తృత్వ పోటీకి పేరు ఇవ్వలేదు. తరువాత మధ్యాహ్నం మాతో కలిసి తినటం మానేసింది, తినాలంటే ముఖం తెరవాలి గనుక. ఆ తరువాత రెండు వారాలు కళాశాలకే రాలేదు.

మేము నలుగురం వారింటికి వెళ్ళాము. ఆమె తలుపు వేసిన గదిలో, దీపం ఆర్పుకొని ఉన్నది. చదువు మానేస్తానన్నది. ఇంకా కొన్ని మాటలు అన్నది. వాటిని ఇక్కడ రాయము. తెల్లవారటం ఎందుకా అనిపిస్తున్నదని ఒక పద్ధెనిమిదేండ్ల పిల్ల అన్నప్పుడు, ఆ మాటకు కారణం మొటిమలని విన్న వారెవరికైనా నవ్వు వస్తుందా? వాళ్ళమ్మ తలుపు అవతల నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని విన్నది. బిడ్డ బాధ ఇంతటిదని ఆ తల్లికి ఆ రోజే తెలిసింది.

ఇది మా ఒక్క స్నేహితురాలి బలహీనత అనుకోనక్కరలేదు. బ్రిటన్‌లో 1986 నుంచి 2012 వరకు నమోదయిన వైద్య రికార్డులను పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మొటిమల వ్యాధి నిర్ధారణ అయిన మొదటి సంవత్సరంలో, ఆ వ్యాధి లేనివారికన్నా మానసిక కుంగుబాటు కలిగే అవకాశం 63 శాతం అధికమని తేలింది. ప్రపంచవ్యాప్తంగా వ్యాధుల భారాన్ని 2010 సంవత్సరానికి లెక్కగట్టినప్పుడు జనాభాలో సుమారు 9.4 శాతం మందికి మొటిమల వ్యాధి ఉన్నదనీ, వ్యాప్తిలో అది అన్ని వ్యాధులలో ఎనిమిదవదనీ అంచనా వేశారు. ఇంతమందికి ఉన్న వ్యాధిని పట్టుకొని ఎవరికి వారు "నాకొక్కదానికే" అని గదిలో దీపం ఆర్పుకోవటం కన్నా విచారకరమైనది లేదు.

ఆ వారమే ఆమెను, ఆమెతోపాటు మేమందరమూ కలిసి, ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోని చర్మవ్యాధుల విభాగానికి వెళ్ళాము. అయిదుగురు పిల్లలు, ఇద్దరు తల్లులు బెంచీ మీద వరుసగా కూర్చుంటే చూసేవారికి వింతగా ఉన్నదేమో. వైద్యురాలు నవ్వలేదు. వయసు పోతే అదే పోతుందిలే అనలేదు. చెంపను వెలుతురుకు తిప్పి చూడటానికి ముందు, "చూడవచ్చునా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు మా స్నేహితురాలి కళ్ళు నిండాయి.

ఆమె చెప్పిన సంగతులు ఇక్కడ క్లుప్తంగా రాస్తున్నాము. మాకు ఉపయోగపడినవి మరొకరికీ ఉపయోగపడవచ్చు. చర్మంలోని ప్రతి రోమకూపం పక్కన నూనెవంటి పదార్థాన్ని స్రవించే గ్రంథి ఉంటుంది. యౌవనంలో ఆడ మగ ఇరువురి శరీరాలలోనూ పెరిగే ఆండ్రోజన్ హార్మోనుల వల్ల ఆ స్రావం ఎక్కువవుతుంది. రోమకూపం మూతి మృతకణాలతో మూసుకుపోతుంది. అక్కడ సహజంగానే నివసించే ఒక సూక్ష్మజీవి వృద్ధి చెంది, వాపు, చీము పుడతాయి. నల్లగా కనిపించే మొన మురికి కాదు. గాలి తగిలి, చర్మపు రంగు పదార్థం వల్ల నల్లబడినదే. అందువల్ల ఎంత రుద్ది కడిగినా పోదు. అతిగా రుద్దితే హాని. సౌమ్యమైన సబ్బుతో రోజుకు రెండుసార్లు కడిగితే చాలు. గిల్లితే గుంటలు పడతాయి. తలకు జిడ్డుగా నూనె పట్టించి నొసటి మీదికి కారనిస్తే అక్కడ మొటిమలు పెరగవచ్చు. తీపి పదార్థాలకు, పాలకు కొందరిలో సంబంధం ఉండవచ్చునని పరిశోధనలు సూచిస్తున్నాయి. నెలసరి క్రమం తప్పటం, ముఖాన రోమాలు పెరగటం కూడా ఉంటే అండాశయాలకు సంబంధించిన పరీక్ష అవసరం.

"ఇది నీవు చేసిన దేని ఫలితమూ కాదు" అని వైద్యురాలు మా స్నేహితురాలితో ప్రత్యేకించి అన్నది. ఆ వాక్యం ఏ మందుకన్నా ముందు పనిచేసింది.

ఇంటికి వచ్చాక కుతూహలం కొద్దీ గ్రంథాలయంలో వెదికాము. సుశ్రుతుడు దీనిని "ముఖదూషిక" అన్నాడు. ముఖాన్ని చెరిపేది అని అర్థం. యువతీయువకుల ముఖాలపై బూరుగు చెట్టు ముళ్ళవలె పొడుచుకువచ్చేవని వర్ణించాడు. యునానీ వైద్యులు వీటిని "బుసూర్ లబనియా" అన్నారు. పాలరంగు పొక్కులని అర్థం. బూరుగు ముల్లు అన్నా, పాల పొక్కు అన్నా, ఆ ప్రాచీన వైద్యులు మా ముఖాలవంటి ముఖాలనే దగ్గరగా చూసి రాశారన్నమాట. ఉర్దూ విభాగం వారమూ తెలుగు విభాగం వారమూ ఆ రోజు ఒకరి పుస్తకం ఒకరికి చదివి వినిపించుకున్నాము. వేల సంవత్సరాలుగా వైద్యులు వ్యాధిగా గుర్తించినదానిని ఇంట్లోవారు వయసు చేష్టగా ఎందుకు కొట్టిపారేస్తున్నారో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

చికిత్స నిదానంగా సాగింది. మాలో నలుగురికి బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రిపూట అడాపలీన్ పూతలు ఇచ్చారు. గుణం కనిపించటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుందనీ, మొదట కొంత ఎర్రబడి పొరలు లేస్తుందనీ ముందే చెప్పారు. చెప్పకపోతే రెండవ వారానికే మానేసేవాళ్ళం. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలిన గుడ్డ రంగు వెలిసిపోతుంది. మా దిండు గలీబులన్నీ మచ్చలు పడ్డాయి. మచ్చలు ముఖం నుంచి దిండుకు మారాయని నవ్వుకున్నాము. అయిదవ ఆమెకు వ్యాధి తీవ్రమైనది కనుక ఐసోట్రెటినాయిన్ అనే మాత్రలు రాశారు. 1982 నుంచి వాడుకలో ఉన్న ఆ మందు తీవ్రమైన మొటిమలకు మిక్కిలి శక్తిమంతమైనది. అయితే గర్భస్థ శిశువుకు ఘోరమైన హాని చేస్తుంది గనుక, రక్తపరీక్షలతో, వైద్యుని పర్యవేక్షణలో తప్ప ఎవరూ తాకరాదు. ఆమె మనసు ఎట్లా ఉన్నదో ప్రతి నెలా వైద్యురాలు అడిగి తెలుసుకునేది. దుకాణపు పూత వల్ల చర్మం దెబ్బతిన్న స్నేహితురాలికి అందరికన్నా ఎక్కువ కాలం పట్టింది.

ఇప్పుడు మా ముఖాలు అద్దాలవలె ఉన్నాయని చెప్పము. ఇద్దరి చెంపలపై గుంటలున్నాయి, అవి ఉంటాయి. కొత్త మొటిమలు అడపాదడపా వస్తూనే ఉన్నాయి. మా స్నేహితురాలు కళాశాలకు తిరిగి వచ్చింది. మొదటి నాడు తరగతిలో కూర్చున్నాక చాలాసేపటికి నఖాబ్ ఎత్తింది. ఎవరూ ఏమీ అనలేదు. వెనుక బెంచీలో ఒకరు, "నీ నోట్సు మా దగ్గరున్నాయి" అన్నారు. అంతే. అంతకు మించిన స్వాగతం ఉండదని మేమనుకున్నాము. ఆమె వీధిలో నఖాబ్ ఇప్పుడూ ధరిస్తుంది, మునుపటివలె, తన ఇష్టంతో.

విద్యార్థి సోదరీమణులకు మా మనవి ఒక్కటే. ఎదుటివారి ముఖం మీద ఏమున్నదో వారికి మీకన్నా బాగా తెలుసు. ఉదయం లేచినప్పటినుంచి వారు దానిని మోసుకొని తిరుగుతున్నారు. దానిని గుర్తుచేయటం వల్ల వారికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. సలహా అడిగితే చెప్పండి. అడగకపోతే పాఠాన్ని గురించో పరీక్షను గురించో మాట్లాడండి. ఎవరైనా హఠాత్తుగా మాట తగ్గించినా, తిండి మానినా, తరగతికి రావటం మానినా ఒకసారి వారింటికి వెళ్ళండి.

కళాశాల కమిటీ పెద్దలకు మూడు విన్నపాలు. ఏటా జరిగే వైద్య పరీక్షలలో పళ్ళు, కళ్ళతోపాటు చర్మాన్ని కూడా పరీక్షించే ఏర్పాటు చేయవలసిందని ఒకటి. చీటీ లేకుండా కొనే పూతలను గురించి ఒక చర్మవైద్యుని చేత ఉర్దూలోనూ తెలుగులోనూ ఉపన్యాసం ఇప్పించవలసిందని రెండవది. విద్యార్థినులు మనసు విప్పి మాట్లాడుకోవటానికి వారంలో ఒక గంట, ఒక గది, వినగల ఒక అధ్యాపకురాలిని కేటాయించవలసిందని మూడవది. ఈ మూడింటికీ అయ్యే ఖర్చు స్వల్పం. ఒక పిల్ల చదువు మధ్యలో ఆగిపోతే అయ్యే నష్టాన్ని మాత్రం ఏ పద్దులోనూ రాయలేము.

ఈ వ్యాసానికి మా పేర్లు పెట్టాలా వద్దా అని మాలో మేము ఆలోచించుకున్నాము. మొదట వద్దనుకున్నది ముగ్గురం. చివరకు పెట్టకపోవటానికే నిశ్చయించాము, సిగ్గు వల్ల కాదు. ఇందులో రాసినది మా అయిదుగురి కథ మాత్రమే కాదు గనుక. ఈ పుట తిప్పుతూ, అరచేయి గడ్డం మీద పెట్టుకొని కూర్చున్న ఆరవ ఆమె ఎవరో మాకు తెలియదు. ఆమె ఎప్పుడు వచ్చినా మా పక్కన చోటున్నది.